ఏంజెల్స్ ల్యాండింగ్: లాటరీ నుంచి గొలుసు చివరి దాకా

ఏంజెల్స్ ల్యాండింగ్ ఎక్కే పర్మిట్ కోసం 2024 జులైలో దరఖాస్తు పెడితే కొండ ఎక్కింది అక్టోబర్ 9న. మధ్యలో రెండుసార్లు ‘రాలేదు’ అని మెయిల్. అమెరికాలోని యూటా రాష్ట్రం, జయాన్ నేషనల్ పార్కులో ఉన్న ఈ కొండ మీద వీడియోలకు కొదవ లేదు. అన్నీ గొలుసు పట్టుకున్న చేతులే చూపిస్తాయి. పర్మిట్ ఎన్ని గంటలకు తేలుతుంది, కాలి కింద ఉన్నది ఏ రాయి, అది ఎందుకు జారుతుంది అన్నవి మేం వెళ్ళి తెలుసుకోవాల్సి వచ్చింది.

ముందు లాటరీ సంగతి. 2022 ఏప్రిల్ 1 నుంచి, గొలుసులు పట్టుకుని ఎక్కే చివరి అర మైలు ఎక్కాలంటే పర్మిట్ ఉండాలి. ఏడాదికి నాలుగు సీజన్ల లాటరీలు. సెప్టెంబర్ నుంచి నవంబర్ వరకు ఎక్కాలనుకునేవాళ్ళు జులై 1–20 మధ్య రిక్రియేషన్ డాట్ గవ్‌లో దరఖాస్తు పెట్టాలి, 25న ఫలితం. దరఖాస్తుకి 6 డాలర్లు, పర్మిట్ వచ్చినా రాకపోయినా తిరిగి రావు. ఒక దరఖాస్తులో ఆరుగురిని చేర్చవచ్చు. వస్తే తలకి 3 డాలర్లు అదనం. తేదీ, వేళ కలిపి ఏడు ఎంపికలు వరసగా ఇవ్వనిస్తారు. వేళలు మూడు: పొద్దున 9 లోపు, 9 నుంచి 12, ఆ తర్వాత.

మేం ఏడు ఎంపికలూ వారాంతాలే ఇచ్చాం, అన్నీ 9 లోపే. దేశమంతా అడిగేది అదే కదా, 25న ‘రాలేదు’ అని మెయిల్. మళ్ళీ పెట్టాల్సివస్తే కనీసం నాలుగు ఎంపికలు మంగళ, బుధవారాలకే ఇస్తాను, అందులో రెండు మధ్యాహ్నం విడతకి.

రెండో దారి ముందురోజు లాటరీ. ఎక్కబోయే రోజుకి ముందు రోజు రాత్రి 12:01కి తెరుచుకుంటుంది, మధ్యాహ్నం 3కి మూసేస్తారు, 4కి ఫలితం. అన్నీ యూటా సమయమే. మళ్ళీ 6 డాలర్లు. తొందరగా పెట్టినంత మాత్రాన లాభం ఏమీ లేదు, 3 లోపు ఎప్పుడు పెట్టినా ఒకటే. దీన్ని నమ్ముకుని వెళ్ళేవాళ్ళు ఒక్క రోజు పెట్టుకుని వెళ్ళకండి. మేం రెండు ప్రయత్నాలకు సరిపడా మూడు రాత్రులు గది తీసుకున్నాం. పార్కు గేటు పక్కన ఉన్న స్ప్రింగ్‌డేల్‌లో గదుల ధర చూసి, అరగంట పైచిలుకు దూరంలో ఉన్న హరికేన్ అనే ఊళ్ళో దిగాం (అక్కడివాళ్ళు ‘హరికిన్’ అంటారు, మీరు హరికేన్ అంటే నవ్వుతారు). రాత్రికి 118 డాలర్లు, పన్ను వేరే.

అక్టోబర్ 7, సోమవారం. లాస్ వేగాస్ నుంచి జయాన్‌కి కారులో 160 మైళ్ళు. యూటా గడియారం నెవాడా కన్నా ఒక గంట ముందు. దారిలో అరిజోనా మూల కాసేపు తగులుతుంది. ఆ మూలలో రోడ్డు ఒక ఇరుకు గండిలోంచి పోతుంది, పక్కన గోధుమ రంగులో పారేది వర్జిన్ నది. జయాన్ లోయని కోసిన నది అదే, అక్కణ్ణుంచి మీడ్ సరస్సు వైపు పోతోంది. సరిహద్దు దాటాక ఫోన్ గడియారం ఒక్కసారిగా గంట ముందుకు దూకింది. వేగాస్ టైము లెక్కన ‘ఇంకా టైముంది’ అనుకుని ఉంటే 3 గంటల గడువు దాటిపోయేది. పొద్దున్నే గదిలోంచే పెట్టేశాం కాబట్టి సరిపోయింది. 4కి ఫలితం: రాలేదు.

నిరాశగా ఉన్న మాట నిజమే. కానీ మర్నాడు లోయ అడుగున తిరిగాం కనకే ఎల్లుండి శిఖరం మీద నిలబడినప్పుడు కనిపించేదేమిటో అర్థమైంది. పర్మిట్ మొదటి రోజే దొరికినా సరే, ముందు లోయ అడుగు చూసి తర్వాత కొండ ఎక్కమంటాను.

అక్టోబర్ 8. అప్పుడు పార్కు ప్రవేశం కారుకి 35 డాలర్లు, ఏడు రోజులు చెల్లేది. ఈ సీజన్లో లోయ లోపలికి సొంత కార్లు పోనివ్వరు, విజిటర్ సెంటర్ దగ్గర ఉచిత షటిల్ ఎక్కాలి. ఆఖరి స్టాపు టెంపుల్ ఆఫ్ సినవావా దాకా వెళ్ళాం. అక్కణ్ణుంచి నది ఒడ్డున రానూపోనూ 2.2 మైళ్ళ చదును బాట. ఎడమా కుడీ గోడలు దగ్గరకు జరుగుతూ జరుగుతూ చివరికి నది మొత్తం సందులో దూరిపోతుంది. కిందికేమో లోయ విశాలంగా ఉంటుంది. నది ఒక్కటే, గోడలు ఒక్కటే, మరి తేడా ఎందుకు?

పైన రెండు వేల అడుగుల దాకా మందం ఉన్నది నవాహో ఇసుకరాయి. దాని కింద కాయెంటా అనే ఎర్రటి పొరలు: వాగులు పరిచిన ఇసుక, ఒండ్రు, బురద గట్టిపడిన మెత్త రాయి. సినవావాకి ఎగువన నది ఇంకా నవాహోలోనే ఉంది, నిట్టనిలువుగా కోసుకుంటూ పోతోంది, అందుకే సందు. దిగువన కోత కాయెంటాకి చేరింది. మెత్త రాయి కిందనుంచి కొట్టుకుపోతే పైనున్న ఇసుకరాయికి ఆసరా పోతుంది, పలకలు పలకలుగా విరిగి పడుతుంది. గోడ నిలువుగానే ఉంటుంది కానీ వెనక్కి జరుగుతుంది. లోయ వెడల్పయింది అట్లాగే. ఈ రెండు రాళ్ళూ కలిసే గీత ఎక్కడుందో కనిపెట్టడం తేలిక: అక్కడ గోడ చెమరుస్తుంది. ఇసుకరాయిలో వాన నీరు రేణువుల మధ్యనుంచి మెల్లగా కిందికి దిగి, కాయెంటా బురదరాయి తగలగానే ఇంక దిగలేక పక్కకి ఊరుతుంది. గోడ మధ్యలో ఫెర్న్ మొక్కలు వేలాడుతుంటే అదే ఊట గీత.

గోడల మీద నల్లటి చారలు మాంగనీసు, ఇనుము పట్టిన ఎడారి పూత. చార లేకుండా లేత రంగులో కొత్తగా కనిపించే మచ్చ ఉంటే, అక్కణ్ణుంచి ఈమధ్య రాయి ఊడిపడిందని అర్థం. ఇది పుస్తకాల భయం కాదు. 2019 ఆగస్టు 24న కేబుల్ మౌంటెన్ నుంచి పెద్ద రాయి విరిగి పడింది, సందర్శకులకు దెబ్బలు తగిలాయి, అబ్జర్వేషన్ పాయింట్ అనే ఎత్తైన చోటికి లోయలోంచి ఎక్కే దారి మూసేశారు.

ఆరోజు మధ్యాహ్నం మూడున్నరకి స్ప్రింగ్‌డేల్‌కి వచ్చేశాం, ఎందుకంటే లోయ లోపల ఫోన్ సిగ్నల్ దాదాపు లేదు. 4 దాటిన నాలుగు నిమిషాలకు మెయిల్: వచ్చింది. పొద్దుటి వేళ, నలుగురికి 12 డాలర్లు. అక్కడికక్కడే పర్మిట్ ఫోన్లోకి దించుకుని స్క్రీన్‌షాట్ కూడా తీసి పెట్టుకున్నాం. పైన మెయిల్ తెరుచుకోదు. దరఖాస్తు ఎవరి పేరున ఉందో వాళ్ళు ఫోటో ఉన్న గుర్తింపు కార్డు తీసుకెళ్ళాలి.

సాయంత్రం సామాను. మనిషికి 3 లీటర్ల నీళ్ళు (కొండ బాట మొదలయ్యే గ్రోటో స్టాపు తర్వాత ఎక్కడా కొళాయి లేదు, నది నీళ్ళలో విషపు నాచు ఉండొచ్చని బోర్డులున్నాయి కాబట్టి వాటి జోలికి పోవద్దు). అరచేతి వైపు రబ్బరు ఉన్న తోటపని చేతి తొడుగులు, జత 7 డాలర్లు. అరిగిపోని అడుగున్న బూట్లు. ఫోన్‌కి మెడతాడు. వీపు సంచికి బయట ఏదీ వేలాడకూడదు, గొలుసు స్తంభాలకు చిక్కుకుంటుంది. ఊతకర్రలు తెచ్చుకుంటే గొలుసులు మొదలయ్యే స్కౌట్ లుకౌట్ దగ్గర మడిచి సంచిలో పెట్టాల్సిందే, ఆపైన రెండు చేతులూ ఖాళీగా ఉండాలి.

అక్టోబర్ 9, బుధవారం. ఈ నెలలో మొదటి షటిల్ పొద్దున 7కి. 6:20కే పార్కింగ్‌లో పెట్టేశాం. ఎండ ఎక్కేలోగానే ఆ పార్కింగ్ నిండిపోతుంది, ఆ తర్వాత స్ప్రింగ్‌డేల్‌లో డబ్బు కట్టి పెట్టుకోవాల్సిందే. మేం వెళ్ళేసరికి వరసలో డెబ్బై మంది దాకా ఉన్నారు, రెండో బస్సు దొరికింది. 7:40కి గ్రోటోలో దిగాం. ఎత్తు సుమారు 4,300 అడుగులు. శిఖరం 5,790. రానూపోనూ 5.4 మైళ్ళు.

వంతెన దాటగానే ఎక్కడం మొదలు. స్కౌట్ లుకౌట్ దాకా సిమెంటు వేసిన బాటే. 1926లో గోడని చెక్కి ఈ దారి వేశారు. పది నిమిషాలకే చొక్కా విప్పాలనిపించేంత చెమట, ఇరవై నిమిషాల తర్వాత రెఫ్రిజిరేటర్ క్యాన్యన్‌లోకి తిరగ్గానే ఆ చెమటకే వణుకు. పేరు ఊరికే పెట్టలేదు. నవాహో ఇసుకరాయిలో నిలువు పగుళ్ళు ఉత్తరం నుంచి కాస్త పడమరకు ఒరిగి, ఒకదానికొకటి సమాంతరంగా పోతాయి. నీళ్ళు పగులుని వెతుక్కుని దాన్నే వెడల్పు చేస్తాయి, పగుళ్ళ మధ్య మిగిలిన రాయి గోడలా నిలబడిపోతుంది. ఈ చల్లటి సందు ఒక పగులైతే, మేం ఎక్కబోయే శిఖరం అట్లా మిగిలిన గోడ. రెండూ ఒకే పని తాలూకు రెండు ఫలితాలు. ఇక్కడ గుడ్లగూబలు ఉంటాయి, గట్టిగా మాట్లాడొద్దని బోర్డు ఉంది. స్వెట్టర్ వేసుకుంటూ తీస్తూ పది నిమిషాలు పోయాయి, ఒక పల్చటి జాకెట్ చాలు.

సందు దాటాక వాల్టర్స్ విగిల్స్: 21 మెలికలు, రాళ్ళు పేర్చి కట్టిన గోడల మీద. పార్కు తొలినాళ్ళ అధికారి వాల్టర్ రూష్ పేరు. తిరుమల నడకదారిలో మోకాళ్ళ పర్వతం ఎక్కినవాళ్ళకి ఇదేమంత కష్టం అనిపించదు. మెట్లు లేవు, వాలు మాత్రమే, పదిహేను నిమిషాల్లో అయిపోయింది. మెలికకో మనిషి ఆగి ఫోటో తీసుకుంటుంటే మనమూ ఆగాల్సి వస్తుంది, అదొక్కటే ఆలస్యం.

9:05కి స్కౌట్ లుకౌట్. ఇక్కడిదాకా పర్మిట్ అక్కర్లేదు. మరుగుదొడ్లున్నాయి, పైన లేవు. రేంజర్ ఫోన్లో పర్మిట్, కార్డు చూసి పేరు సరిచూసుకున్నారు, నిమిషం పట్టలేదు. కాగితం లేకుండా బతిమాలుతున్న ఒక జంటని నవ్వుతూనే వెనక్కి పంపేశారు. మా నలుగురిలో ఒకరు ముందున్న గోడని చూసి ‘నేనిక్కడే ఉంటా’ అన్నారు. ఎవరూ బలవంతం చేయలేదు. 2000 తర్వాత ఈ దారిలో పడి చనిపోయినవాళ్ళు పది మందికి పైనే. ఎత్తు అంటే కళ్ళు తిరిగే మనిషిని ‘ఏం కాదు రా’ అని లాక్కెళ్ళే చోటు కాదు.

గొలుసుల భాగం అర మైలే, ఎత్తు నాలుగైదు వందల అడుగులు. మాకు ఎక్కడానికి 55 నిమిషాలు పట్టింది. అందులో ఇరవై నిమిషాలు నిలబడటమే.

ఇక్కడ రాయి గురించి తెలిసి ఉండటం పనికొచ్చింది. గండికోటలో పెన్నా అంచున బండల మీద తిరిగినవాళ్ళు ఆ నమ్మకంతో ఇక్కడ అడుగేస్తే మోసపోతారు. అక్కడి రాయి క్వార్ట్‌జైట్. రేణువుల మధ్య సిలికా నిండి ముద్దయిపోయింది, పగిలినా రేణువుల్ని చీల్చుకుంటూ పగులుతుంది. నవాహో ఇసుకరాయిలో రేణువుల్ని పట్టి ఉంచేది ఎక్కువగా సున్నం, ఇనుపతుప్పు. బొటనవేలితో రుద్దితే ఇసుక రాలుతుంది. రాలిన ఆ ఇసుకే ప్రమాదం. ఎడారి గాలికి దొర్లి దొర్లి గుండ్రబడిన రేణువులు, నున్నటి బండ మీద పల్చగా పరుచుకుంటే బూటు కింద ఆవాలు పోసినట్టే. రోజూ వందల బూట్లు రుద్దడం వల్ల మెట్లు చెక్కిన చోట రాయి అద్దంలా అయింది. లోయ వైపు అంచు చూసి భయపడతాం కానీ, నాకు కాలు జారింది రెండుసార్లూ గట్టు వెడల్పుగా ఉన్న చోటే, ఇసుక చూసుకోకుండా వేసిన అడుగులకి. ఒక్కో మెట్టు మీద ఇసుకని బూటుతో పక్కకి నెట్టి అప్పుడు బరువు వేయండి.

తడిస్తే ఈ రాయి బలం బాగా తగ్గిపోతుంది. అందుకే తాళ్ళతో గోడలెక్కేవాళ్ళు వాన వెలిసాక కూడా ఒకటి రెండు రోజులు దీన్ని ముట్టరు. నడిచేవాళ్ళకి ఆ ఇబ్బంది లేదు గానీ, తడి బండ మీద జారుడు మాత్రం ఖాయం. ఉరుము వినిపిస్తే ఇనుప గొలుసు పట్టుకుని వెన్నుగట్టు మీద ఉండకూడదు. జులై నుంచి సెప్టెంబర్ దాకా మధ్యాహ్నాలు ఉరుములు సాధారణం, ఆ నెలల్లో పొద్దుటి విడతకే విలువ.

గొలుసు గురించి మూడు మాటలు. అది దారి పొడవునా లేదు, మధ్యమధ్య ఖాళీలున్నాయి. రెండు స్తంభాల మధ్య అది వదులుగా ఉంటుంది, అవతల మనిషి లాగితే మన చెయ్యి అటు పోతుంది. కాబట్టి ఒక స్తంభానికీ ఇంకో స్తంభానికీ మధ్య ఒకరే ఉండేట్టు చూసుకోండి, వీలైనంత వరకు స్తంభం దగ్గరే పట్టుకోండి. ఇక ఎక్కేవాళ్ళు, దిగేవాళ్ళు ఒకే గొలుసు మీద ఎదురవుతారు. కొండ వైపు నిలబడటానికి చోటున్నవాళ్ళు ఆగాలి, తొందరున్నవాళ్ళు కాదు. మా ముందు ఒకాయన విసుగొచ్చి గొలుసు వదిలి బయటి వైపునుంచి దాటాడు. అంత అవసరం ఏమొచ్చిందో అర్థం కాలేదు.

అసలు భయం మొదటి గొలుసు దగ్గర. గుండె చెవుల్లో కొట్టుకుంది. సగం దూరంలో గట్టు సన్నబడి, రెండు వైపులా వెయ్యి అడుగులు కనిపించే చోటికి వచ్చేసరికి చిత్రంగా భయం సర్దుకుంది. చెయ్యి ఎక్కడ, కాలు ఎక్కడ అన్న ధ్యాసలో ఇంక దేనికీ చోటు లేదు. పక్కనున్న గోడలో పొరలు ఏటవాలుగా, ఒక కట్ట మీద ఇంకో కట్ట అడ్డంగా కోసినట్టు కనిపిస్తాయి. అవి ఇసుక దిబ్బల లోపలి వాలులు. సుమారు 18–19 కోట్ల ఏళ్ళ కిందట, జురాసిక్ కాలంలో, ఈ నేల భూమధ్యరేఖకి ఇప్పటికన్నా దగ్గరగా ఉన్నప్పుడు ఇక్కడ పెద్ద ఇసుక ఎడారి ఉండేది. గాలి దిబ్బని ముందుకు నెట్టేకొద్దీ వాలు వైపు ఇసుక జారి పొరలు పడింది. ఆ ఇసుకలో చాలా భాగం ఖండానికి తూర్పున ఉన్న అప్పలాచియన్ కొండలు అరిగి, నదుల్లో కొట్టుకొచ్చి, గాలికెగిరి చేరిందని అందులోని జిర్కాన్ అనే ఖనిజపు రేణువుల వయసులు చెబుతున్నాయి. కాళ్ళకి పనికొచ్చే సంగతి ఒకటుంది: పొర అంచు బయటికి పొడుచుకొచ్చిన చోట బూటు పట్టు దొరుకుతుంది, పొర వాలు మనవైపే పల్లంగా ఉన్నచోట దొరకదు.

10:15కి శిఖరం. పెద్ద మైదానమేమీ కాదు. పొడుగాటి వాలు బండ, గుంటల్లో ఇసుక, నాలుగు వంకర చెట్లు. 1916లో ఫ్రెడరిక్ ఫిషర్ అనే మెథడిస్టు ఫాదరీ కింద నుంచి చూసి దీని మీద దేవదూతే దిగగలదన్నాడట. ఇప్పుడు నలభై మంది దిగి ఉన్నారు. అన్నిటికన్నా ముందు పలకరించింది ఉడత. సంచి కింద పెట్టి జిప్పు లాగేలోపు దానికి ఇంకో పక్కనుంచి దారి దొరికింది. తిండి పెట్టడం నేరం, జరిమానా ఉంది. సంచి ఒళ్ళో పెట్టుకుని తినండి.

కింద వర్జిన్ నది ఈ గోడ చివర చుట్టూ పెద్ద వంపు తిరిగి పోతుంది. ఎదురుగా గ్రేట్ వైట్ త్రోన్, 6,744 అడుగులు. దాని పై భాగం తెలుపు, కింది భాగం ఎరుపు, రాయి మాత్రం ఒకటే నవాహో. పైభాగంలో ఇనుపతుప్పుని భూగర్భ జలాలు కడిగేశాయి. మేం నిలబడ్డది ఇంకా ఎర్ర భాగంలోనే. ఎగువకి చూస్తే నిన్న నడిచిన సందు నీడలో గీతలా ఉంది, దిగువకి చూస్తే లోయ వెడల్పుగా తెరుచుకుంది. కాయెంటా ఎక్కడ బయటపడిందో పైనుంచి వేలు పెట్టి చూపించవచ్చు.

ఇంకొకటి కూడా ఇక్కణ్ణుంచే తెలుస్తుంది. దిగువ లోయ అడుగు బల్లపరుపుగా ఉంది. నది కోసిన లోయ అడుగున అంత చదును ఉండకూడదు. దాదాపు 4,800 ఏళ్ళ కిందట దిగువన సెంటినల్ కొండ విరిగి పడి నదికి అడ్డుకట్ట పడింది. వెనక సరస్సు నిలిచి, ఏడు వందల ఏళ్ళలో ఒండ్రుతో పూడిపోయింది. లోయలోని హోటల్ జయాన్ లాడ్జ్ ఉన్నది ఆ పూడిక మీదే. ఆ పాత కొండచరియలో కొంత 1995 ఏప్రిల్‌లో మళ్ళీ జారి, నది పక్కకి తిరిగి, లోయలోకి పోయే రోడ్డు కొట్టుకుపోయింది. పొద్దున బస్సులో వచ్చింది ఆ రోడ్డు మీదే.

తలమీదుగా కాండార్ రాబందు ఒకటి పోయింది. రెక్క మీద అంకె ఉంది, కళ్ళద్దాలు లేకుండా చదవగలిగినంత దగ్గర.

అరగంట తర్వాత, 10:45కి దిగడం మొదలు. దిగడమే కష్టం, ఎవరేమన్నా సరే. ముఖం కొండ వైపు తిప్పి నిచ్చెన దిగినట్టు దిగాల్సిన చోట్లు నాలుగైదున్నాయి. మిగతాచోట్ల కూర్చుని జరగడానికి సిగ్గుపడొద్దు. 9 గంటల విడతవాళ్ళందరూ ఎదురొచ్చే వేళ అది. ఒకేచోట పన్నెండు నిమిషాలు ఆగాం. స్కౌట్ లుకౌట్ చేరేసరికి 11:50. అక్కడే ఆగిపోయిన మా మనిషి ఈలోగా వెస్ట్ రిమ్ బాట మీద ఇంకాస్త పైకి వెళ్ళి, గొలుసు మీద చీమల్లా ఉన్న మా ఫోటోలు తీసి పెట్టారు. మా ముగ్గురి ఫోన్లలో ఉన్న వాటికన్నా అవే బాగున్నాయి.

1:10కి గ్రోటో. తలకి రెండున్నర లీటర్లు ఖర్చయ్యాయి. తొడుగుల అరచేతుల్లో రబ్బరు అక్కడక్కడా లేచిపోయింది. మర్నాడు తొడల కన్నా భుజాలు ఎక్కువ నొప్పి పెట్టాయి, గొలుసు మీద లాక్కున్న బరువంతా వాటి మీదే పడినట్టుంది. పర్మిట్ లెక్క చూస్తే, జులైలో 6, అక్టోబర్‌లో రెండుసార్లు 6, వచ్చాక 12. మొత్తం 30 డాలర్లు, అందులో అడిగినందుకే 18.